క్రేన్ లేకుండా నిలిపిన మర

కుందలహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ మిద్దె మీద చిన్న గాలిమర ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని అక్కడ ఎక్కించింది నేను. ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరినడిగినా ఈ సంగతి చెప్పరు కాబట్టి నేనే చెప్పుకోవలసి వస్తోంది.

మాది కె.ఆర్.పురం. తాతల నాటి నుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మొదట నా పని బోరుబావులది. లోపలికి దించిన మోటారు చెడిపోతే, బావి మీద మూడు ఇనుప కాళ్ళు వేసి, గొలుసు కప్పీ తగిలించి, పైపు తర్వాత పైపు పైకి లాగేవాణ్ణి. చుట్టూ టెక్ పార్కులు పెరిగిన కొద్దీ బోర్లు ఎండిపోతూ వచ్చాయి. ఎండిపోయిన బావిలోంచి మోటారు తీసి ఇచ్చినవాణ్ణి ఎవరూ ప్రేమగా చూడరు, నీళ్ళు నేనే తాగేసినట్టు చూస్తారు. అలాంటి రోజుల్లో ఈ తేలికపాటి గాలిమరల సంగతి తెలిసింది. నీళ్ళు లేని లోతుల నుంచి, గాలి ఉందో లేదో తెలియని ఎత్తులకు మారాను. మా బంధువులు దీన్ని ఎదుగుదల అనరు.

గాలిమర అనగానే అందరూ క్రేన్ ఏదని అడుగుతారు. కొండల మీద కనిపించే పెద్ద మరలకు క్రేన్ కావాలి. నేను పెట్టేది రెక్కలతో సహా ఒక నిండు గ్యాస్ సిలిండరంత బరువు ఉంటుంది. దానికి క్రేన్ పిలవడమంటే అటక మీది డబ్బా దించడానికి ఫైరింజన్‌ను పిలవడమే. మేం చేసే పద్ధతి వేరు. కంబాన్ని మిద్దె మీద పడుకోబెడతాం. దాని అడుగున, తలుపుకు ఉన్నట్టు, మడతబందు ఉంటుంది. పడుకుని ఉండగానే కంబం తలకు మర బిగిస్తాం. అడుగు దగ్గర ఇంకో పొట్టి కంబం నిలువుగా ఉంటుంది. దాన్ని మా ఇంట్లో పిల్ల కంబం అంటాం. పెద్ద కంబం తలకు కట్టిన ఉక్కుతాడు పిల్ల కంబం కొన మీదుగా వెళ్ళి, చేత్తో తిప్పే విన్చ్‌కు చుట్టుకుంటుంది. విన్చ్ తిప్పుతుంటే పిల్ల కంబం మెల్లగా పడుకుంటూ పెద్దదాన్ని లేపుతుంది. పక్కలకు ఊగకుండా రెండు తీగలు పట్టుకుంటాయి. వెనక ఒక తాడు ఉంటుంది. కంబం నిటారుగా అయ్యాక ఇంకా లాగితే విన్చ్ వైపు పడిపోతుంది. అలా పడకుండా ఆ తాడును కొక్కేనికి రెండు చుట్లు చుట్టి ఒక మనిషి బిగబట్టుకోవాలి. మా వ్యాపారంలో ఆ మనిషి నా భార్య. బాగుచేయాలన్నా ఇదే పని, తిరగేసి చేస్తాం. మరను కిందికి తెచ్చుకుంటాం తప్ప మేం పైకి పోం.

ఈ వ్యాపారంలో ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే, "ఎక్కడన్నా పెట్టుండావా అప్పా?" అని. కాడుగోడి మార్కెట్‌లో పిండిమర నడిపే పెద్దాయన ఒకరు కూడా అదే అడిగారు. ఆయనకు తన మిద్దె మీద ఒకటి పెట్టించుకోవాలని ఉండేది. "కుందలహళ్ళిది తిరిగేది చూస్తా, అప్పుడు చెప్తా" అన్నారు. నాకు చూపించుకోవడానికి ఉన్నది అదొక్కటే. అది తిరుగుతున్నంత కాలం నేను గాలిమరలవాణ్ణి. దాన్ని దింపేస్తే మళ్ళీ ఎండిన బోర్లవాణ్ణి.

అలాంటి మర విషయంలో నాకు జరిగిన మర్యాదలు చెబుతాను.

అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ గారు గుంటూరు వైపు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న మనిషి. కంబం లేపే రోజును ఆయన ప్రారంభోత్సవం చేసేశారు. మిద్దె మీద కుర్చీలు వేయించారు. లడ్లు తెప్పించారు. అందరి చేతుల్లో ఫోన్లు.

"బాబాయ్, విన్చ్ నేను తిప్పుతా. వీడియో తీస్తున్నారు. జస్ట్ హ్యాండిలే కదా" అన్నారు.

బాబాయ్ అన్న మాట నేను మరిచిపోలేదు. ఆయన తలలో ఎన్ని నల్లవెంట్రుకలున్నాయో నా తలలోనూ అన్నే ఉన్నాయి.

"సార్, అది సుమ్నే ఊరికే తిప్పేది కాదు. నేను చెప్పినప్పుడు తిప్పాల, చెప్పినప్పుడు వదలాల" అన్నాను.

"మీరు చెప్పండి, నేను చేస్తా. సింపుల్."

నేను పక్కన నిలబడి, కంబం నిటారుకు వస్తోందా లేదా చూడాలి. నా భార్య వెనక తాడు పట్టుకుంది. ఆమె రెండు చేతులా తాడుతో ఉండగా ఒకావిడ లడ్డు తెచ్చి, "తీసుకో అమ్మా" అని, చేతులు ఖాళీ లేవని గమనించి, దాన్ని నీళ్ళ ట్యాంకు అంచున పెట్టి వెళ్ళిపోయింది. చీమలు తిన్నాయి. ఆ అపార్ట్‌మెంట్‌లో చీమలకు జరిగిన మర్యాద మాకు జరగలేదు.

కంబం లేచింది. చప్పట్లు కొట్టారు. సరిగ్గా నిటారుకు రాగానే నేను అరిచాను.

"నిలపండి!"

మా వైపు బస్సును నిలుపుతాం, మోటారును నిలుపుతాం, పిల్లల ఏడుపును కూడా నిలుపుతాం. కన్నడంలోనూ అంతే. సెక్రటరీ గారు నా వైపు చూసి, నవ్వి, ఇంకా జోరుగా తిప్పారు.

"నిలపండి సార్, నిలపండి!"

"నిలుపుతున్నా బాబాయ్!"

వెనక తాడు బిగుసుకుంది. కొక్కెం పిట్టగోడలోంచి ఊడి వచ్చింది. మిద్దెకు రంధ్రం వేస్తే వాన నీరు దిగుతుందనీ, కొక్కేన్ని పిట్టగోడకే బిగించమనీ చెప్పింది సెక్రటరీ గారే. ఇది కూడా నేను మరిచిపోలేదు. నా భార్య తాడు వదిలి పక్కకు దూకింది. సెక్రటరీ గారు విన్చ్ వదిలి ఇంకో పక్కకు దూకారు. కంబం వెళ్ళి నీళ్ళ ట్యాంకు మీద ఒరిగింది. ఒక రెక్క విరిగింది. మనుషులకేమీ కాలేదు. కుర్చీలు మాత్రం చాలా పడ్డాయి.

"నేను అరుస్తా ఉండాను, మీరు తిప్పుతా ఉండారు. ఏంది సార్ ఇది?" అన్నాను.

"మీరు అరిచేకొద్దీ నేను స్పీడు పెంచానండీ! ఇంకేం చెయ్యమంటారు?" అన్నారాయన.

దాన్ని నేను ఎగతాళిగా తీసుకున్నాను. ఇంకెలా తీసుకోవాలో ఎవరైనా చెబితే వింటాను.

అప్పటికి వాళ్ళ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నన్ను కూడా చేర్చి ఉన్నారు. సాయంత్రం అందులో సెక్రటరీ గారు రాశారు: "క్రేన్ కూడా లేనివాళ్ళను పిలిస్తే ఇంతే." దాని కింద బొటనవేళ్ళు బోలెడు లేచాయి, నా కంబం కన్నా నిటారుగా. నేను జవాబు రాసుకుంటూ ఉండగానే నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఆ జవాబు ఇప్పటికీ సగంలోనే ఉంది. గ్రూపులోంచి తీసినా, ఆయన రాసిన మాట తెర ఫొటో మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

ఒప్పుకున్న పని కాబట్టి కొత్త రెక్క వేసి, ఈసారి కొక్కేన్ని మిద్దెకే బిగించి, అందరూ ఆఫీసులకు పోయిన ఒక పనిరోజున నేనూ నా భార్యా వెళ్ళి కంబం లేపి వచ్చాం. చప్పట్లు లేవు, లడ్లు లేవు. విన్చ్ దగ్గర నేను, తాడు దగ్గర ఆమె. తాడు బిగియగానే ఆమె చెప్పింది, నేను చెయ్యి తీశాను. కంబం నెమ్మదిగా లేచి బుద్ధిగా నిలబడింది.

అక్కడితో అయిపోలేదు. మర తిరగడం లేదని ఫోన్లు మొదలయ్యాయి. ఆషాఢంలో చెట్లు ఊగిపోయే గాలి వీస్తుంటే కూడా రెక్కలు కదలడం లేదంటారు. సాయంత్రం పని ముగించుకుని నేను పోయి చూస్తే చక్కగా తిరుగుతుంటుంది. "మీరొచ్చినప్పుడే తిరుగుతుంది" అన్నారు సెక్రటరీ గారు, నేనేదో దానికి చెవిలో చెప్పి వెళ్తున్నట్టు. వానలు తగ్గాక ఇంకో తంటా. తిరిగినప్పుడల్లా కుక్క ఏడ్చినట్టు కూత పెట్టసాగింది. బేరింగ్‌లోకి నీళ్ళు దిగి ఉంటాయి, దింపి మార్చాలి అని కబురు చేశాను. జవాబు లేదు. సంఘం సమావేశం పెట్టి, మరను క్రేన్‌తో దింపి పాత ఇనుముకు వేసేయాలని తీర్మానించారని వాచ్‌మన్ చెప్పాడు.

"పోనీ అప్పా, వాళ్ళెప్పుడో మర్చిపోయుంటారు. నువ్వే ఇంకా ఆ మాటను మోస్తా ఉండావు" అంది నా భార్య.

"మోసేదానికి క్రేన్ లేదు కదమ్మే. చేత్తోనే మోయాల" అన్నాను.

క్రేన్ వచ్చిన రోజు మేమిద్దరం ఆ వీధి చివర దర్శిని హోటల్లో ఒక కాఫీని బై-టూ చేసుకుని తాగుతున్నాం. అనుకోకుండా వెళ్ళామని నేను ఎవరికైనా చెప్పగలను. క్రేన్ మలుపు దగ్గరికి వచ్చి నిలిచింది. పైన కరెంటు తీగలు. కింద మోరీ మీద పలుచటి పలకలు. పక్కల వరసగా స్కూటర్లు. సెక్రటరీ గారు ఒక్కొక్క స్కూటరు యజమానికీ ఫోన్ చేసి తీయించారు. క్రేన్ ముక్కు కొంచెం లోపలికి దూరింది. డ్రైవర్ తల బయటపెట్టి, క్రేన్ కాళ్ళు ఆనించడానికి జాగా ఎక్కడ సార్ అని కన్నడంలో అడిగాడు. సెక్రటరీ గారు అపార్ట్‌మెంట్ ముందు స్థలం చూపించారు. కింద బేస్‌మెంట్ పార్కింగ్ ఉందా అని అడిగాడు డ్రైవర్. ఉంది. ఈ బరువుకు దాని కప్పు కూలిపోతుందని డ్రైవర్ చెయ్యి అడ్డంగా ఊపాడు. వీధి మొత్తం వెనక్కి నడుపుకుంటూ, కూత పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మా మర పెట్టే కూత దానికన్నా చాలా నయం.

"కాఫీ చల్లారతాది, తాగయ్యా" అంది నా భార్య.

"ఇంత రుచి కాఫీ ఎప్పుడన్నా తాగినామా?" అన్నాను. 

రెండు రోజులకు సెక్రటరీ గారి నుంచి ఫోన్.

"బాబాయ్... సార్, ఒకసారి రాగలరా? మర దింపాలి."

"దింపేదానికా సార్, బాగుచేసేదానికా?"

"కమిటీ అయితే తీసెయ్యమంది. యాక్చువల్‌గా సౌండే ప్రాబ్లం అండీ."

"దింపి, బేరింగ్ మార్చి, మళ్ళీ లేపుతా. మళ్ళీ కూసిందంటే నేనే ఇనుము అంగడికి మోసుకు పోతా. ఒక మాట మాత్రం. గ్రూపులో మీరు రాసినారే, దానికి సరిగ్గా ఎదురు మాట అదే గ్రూపులో రాయాల."

"నేనేం రాశానండీ?"

ఆయనకు గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. అన్నిటికన్నా నాకు కష్టంగా తోచింది అదే. నా దగ్గరున్న తెర ఫొటో పంపించాను. చాలాసేపటికి జవాబొచ్చింది: "అయ్యో. సరే సార్. లేపిన రోజు రాస్తా."

ఆ రోజు మిద్దె మీద మేం ముగ్గురమే. మర దింపేముందు రెక్కలు తిరగకుండా చేయాలి. దానికి మెట్ల గదిలో గోడకు ఒక స్విచ్ పెట్టాను. నొక్కితే మర నుంచి వచ్చే వైర్లు లోపల ఒకదానికొకటి కలిసి, రెక్కలు బిగుసుకుపోతాయి. దాని పక్కన ఎర్ర పెయింట్‌తో పెద్ద అక్షరాలతో "నిలుపు" అని నేనే రాసి పెట్టాను.

నేను స్విచ్ మీద చెయ్యి పెట్టగానే సెక్రటరీ గారు, "ఇప్పుడెందుకండీ అది? గాలి కూడా పెద్దగా లేదు కదా" అన్నారు.

"గాలి లేకుంటే ఏంది? దింపేముందు నొక్కాల."

"బాగా గాలి ఉన్నప్పుడు కదా నొక్కాలి? నేను గాలి బాగా వేసినప్పుడల్లా పొద్దున్నే వచ్చి నొక్కి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం తీసేవాణ్ణి."

"ఎందుకు సార్?"

"నిలుపు అని ఉంది కదండీ. నిల్వ. బ్యాటరీలో కరెంటు నిలవ పెట్టే స్విచ్ అనుకున్నా."

మెట్ల గదిలోంచి మర కనబడదు. మధ్యలో నీళ్ళ ట్యాంకు అడ్డం. మంచి గాలి వీచిన రోజులన్నీ, ఒక్కటి కూడా తప్పిపోకుండా, ఈయన పైకొచ్చి నా మరను ఆపి వెళ్ళాడు. సాయంత్రం గాలి తగ్గాక వదిలాడు. తర్వాత తిరగడం లేదని నాకే ఫోన్ చేశాడు.

"నిలుపు అంటే ఆపేది సార్" అన్నాను.

"ఆపడమా? నిలపడమంటే నిలబెట్టడం కదండీ..." అని ఆయన ఆగిపోయారు. ఆయన చూపు నెమ్మదిగా విన్చ్ మీదికి పోయింది. నా చూపు కూడా అక్కడికే పోయింది. కుర్చీలు పడిన రోజు ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చింది. ఈసారి ఆయనకు కూడా.

నా భార్య పిట్టగోడ పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎంతకూ తెగలేదు. నవ్వాల్సిన విషయమేముందో నాకు అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "ఈసారన్నా ముందే ఒక మాట అనుకోండి మీరిద్దరూ" అంది.

"అనుకునేదేముండాది? నాకు తెలిసిపాయె" అన్నాను.

"నాకూ క్లియర్ అండీ" అన్నారు సెక్రటరీ గారు.

కంబం దింపాం. బేరింగ్ ఊడదీస్తే లోపల గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పునీళ్ళు. కొత్తది వేసి, నీళ్ళు దిగకుండా పైన రబ్బరు మూత బిగించాను. రెక్కను వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగి తిరిగి దానంతటది ఆగింది. సెక్రటరీ గారు కిందికి పోయి స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చారు. ఈసారి నా భార్య చేతులు ఖాళీగా ఉన్నప్పుడే ఇచ్చారు. ఇది కూడా నేను గుర్తుంచుకున్నాను. నేను మంచి సంగతులు గుర్తుంచుకోనని అనేవాళ్ళ కోసం రాస్తున్నాను.

లేపేటప్పుడు చోట్లు మార్చాను. విన్చ్‌ను మళ్ళీ ఆయన చేతికిచ్చే ప్రశ్నే లేదు. విన్చ్ దగ్గర నేను కూర్చున్నాను. తాడు నా భార్యకు. పక్కన నిలబడి నిటారు చూసే పని సెక్రటరీ గారిది. ఆయన ఫోన్‌లో రసమట్టం తెరిచి, దాన్ని కంబం వైపు పట్టుకుని, పెళ్ళి ఫొటోలు తీసేవాడిలా ఒక కన్ను మూశారు.

తిప్పాను. పిల్ల కంబం వంగుతూ వచ్చింది. పెద్దది లేచింది. నేనున్న చోటు నుంచి తాడు తప్ప ఇంకేమీ సరిగ్గా కనబడదు.

"నిలపండి!" అని అరిచారు సెక్రటరీ గారు.

ఆయన భాషలో నిలపడమంటే లేపడమని నాకిప్పుడు తెలుసు. ఇంకా కొంచెం లేపమంటున్నారు. తిప్పాను.

"నిలపండి సార్! నిలపండి!"

"నిలుపుతా ఉండా సార్!"

"చాలు!" అని నా భార్య గొంతు మిద్దె అదిరేలా వినబడింది. "చాలు! చెయ్యి తియ్యయ్యా!"

చెయ్యి తీశాను. ఆమె కాళ్ళు రెండూ కొక్కేనికి తన్నిపెట్టి, తాడు మీద మొత్తం బరువు వేసి వెనక్కి వాలి ఉంది. కంబం అవతలికి రవ్వంత వాలి, ఒక్క క్షణం ఆలోచించుకుని, మళ్ళీ వెనక్కి వచ్చింది. మిద్దెకు బిగించిన కొక్కెం కదల్లేదు. కొక్కెం ఎక్కడ బిగించాలన్న విషయంలో ఎవరి మాట సరైనదో తేలిపోయింది కాబట్టి నేను దాన్ని మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం ఎత్తాను.

"మీ భాషలో చెప్పానండీ!" అన్నారు సెక్రటరీ గారు.

"నేను మీ భాషలో విన్నాను సార్" అన్నాను.

"ఇద్దరూ నోరు మూసుకుని ఆ తీగలు బిగించండి" అంది నా భార్య.

సాయంత్రం నన్ను గ్రూపులో మళ్ళీ చేర్చారు. సెక్రటరీ గారు మాట తప్పలేదు. "మన గాలిమరను క్రేన్ లేకుండా నిలిపారు. ధన్యవాదాలు" అని రాశారు. బొటనవేళ్ళు లేచాయి. ఆ వాక్యాన్ని నా భార్యకు చదివి వినిపించాను. మళ్ళీ వినిపించబోతే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మరునాడు కాడుగోడి పిండిమర పెద్దాయన ఫోన్ చేశారు. ఆయన మేనల్లుడు ఆ అపార్ట్‌మెంట్‌లోనే అద్దెకుంటాడు. ఆ వాక్యం అతని ద్వారా ఆయనకు చేరింది.

"ఏమప్పా, నీ మర నిలిపేసినారంట కదా? క్రేన్ కూడా పనికి రాలేదంట. నాకు బేడప్పా, వద్దు, వదిలేయి."

ఆయన కూడా మావాళ్ళే. మా తెలుగే. మర నిలిపారంటే ఆయనకు ఇంకేం అర్థమవుతుంది? నేను చెప్పేలోగా ఫోన్ పెట్టేశారు. ఇంత కాలం పోరాడి రాయించుకున్న ఒకే ఒక్క వాక్యం నా వ్యాపారం మీదే పడింది. వెంటనే గ్రూపు తెరిచి నేనే రాశాను: "గాలిమరను ఎవరూ నిలపలేదు."

క్షణంలో మూడో అంతస్తు నుంచి ఎవరో అడిగారు: "నిలపలేదా? మళ్ళీ పడిపోయిందా?"

నాలుగో అంతస్తు నుంచి ఎవరో క్రేన్ నంబరు పెట్టారు.

ఇక మాటలతో లాభం లేదనిపించింది. స్కూటర్ తీసుకుని కాడుగోడి పోయి, వద్దంటున్న పెద్దాయనను వెనక కూర్చోబెట్టుకుని కుందలహళ్ళి తీసుకొచ్చాను. వెనకే నా భార్య బస్సులో వచ్చింది, నేను అక్కడ ఎవరితోనైనా పోట్లాడతానేమోనని. పెద్దాయనను మిద్దె ఎక్కించి, కంబం కింద నిలబెట్టి, నోరు మెదపకుండా పక్కకు జరిగాను. మంచి గాలి ఉంది. రెక్కలు కనబడనంత జోరుగా తిరుగుతున్నాయి. కూత లేదు. మెట్ల గదిలో స్విచ్ ఎవరూ నొక్కలేదు. ఎక్కుతూనే చూసుకున్నాను.

పెద్దాయన తల పైకెత్తి చాలాసేపు చూశారు. కంబాన్ని చేత్తో తట్టారు. వెనక తీగను లాగి చూశారు.

"నిజంగా క్రేన్ లేకుండానే చేసినావా?"

"మేమిద్దరమే."

"సరే. మా మిద్దె మీద ఎప్పుడు నిలుపుతావప్పా?" అన్నారు.

నా భార్య నా ముఖంలోకి చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. ఆయన అడిగింది కంబం గురించి. కంబాన్ని నిలిపితే లేస్తుంది, మరను నిలిపితే ఆగుతుంది. ఇందులో తికమక పడడానికేమీ లేదు. ఈ మాటే ఆమెకు మెట్లు దిగేంత వరకూ చెబుతూ వచ్చాను. ఆమె సరే సరే అంటూ దిగింది.

కాడుగోడి మిద్దె మీద ఇప్పుడు నా రెండో మర తిరుగుతోంది. పోయిన వారం కుందలహళ్ళి మరకు తీగలు బిగించడానికి వెళ్ళాను. మెట్ల గదిలో నేను ఎర్ర పెయింట్‌తో రాసిన "నిలుపు" కింద, తెల్ల పెయింట్‌తో ఎవరో "ఆపు" అని రాసి ఉన్నారు. ఆ "పు" కొమ్మును కిందికి అంత పొడుగ్గా లాగేది మా ఇంట్లో ఒక్కరే. పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్న చేతిరాత.

దాన్ని నేను చెరపలేదు. మరిచిపోనూ లేదు.